ఏటికి?

తెనాలి నుంచి బదిలీ మీద వచ్చిన మొదటి వేసవి.
శ్రీకాకుళంలో నాకు తెలిసిన మనుషులు ఇద్దరే:
ట్రెజరీ ఆఫీసులో పక్క కుర్చీ దమయంతి గారు,
పార్సిళ్లు తెచ్చే కుర్రాడు తేజేశ్వరరావు.
ఇంటి ఓనరు కంటే ముందు
నా పేరు వాడికే నోటికొచ్చింది.

రాత్రి పదకొండు దాటాక
మంచం మీద బొటనవేలు ఒక్కటే మేలుకుని ఉండేది.
అప్పడాల కర్ర, అది నిలబెట్టే స్టాండు,
ఆ స్టాండు మీద కప్పే గుడ్డ.
ఒంటరిదానికి ఆరు కాఫీ కప్పులు.
ఆఫరు అర్ధరాత్రితో ఆఖరని
ఎర్ర అంకెలు తరుముతుంటే
జీతం ఎంత మిగిలిందో చూడని కళ్లు
ఎన్ని నిమిషాలు మిగిలాయో చూసేవి.
తెల్లారితే మర్చిపోయేదాన్ని.
మూడో రోజు తలుపు చప్పుడైతే
ఎవరో నాకు కానుక పంపినట్టుండేది.
కత్తెరతో టేపు కోసే ఆ ఒక్క క్షణం.
ఆపైన అట్టపెట్టె మడిచి
మంచం కిందికి తోయడమే.

ఒక ఆదివారం పాత వంతెన దగ్గర
పచ్చివెదురు వాసన నన్ను ఆపింది.
బుట్ట అల్లుతున్న ముసలామె తల ఎత్తలేదు.
మూడు ఇమ్మన్నాను.
"ఏటికమ్మా?"
"ఏటికి కాదు, ఇంటికే" అన్నాను.

ఆమె చేతిలో కత్తి ఆగింది.
బద్దలు పక్కన పెట్టి మరీ నవ్వింది.
పక్కన సపోటాలమ్మే ఆవిడకి చెప్పి
ఇంకోసారి నవ్వింది.
ఇక్కడ ఏటికి అంటే ఎందుకని
నాకు తట్టేసరికి చెవులు వేడెక్కాయి.
కింద నాగావళి ఇసుక మధ్య సన్నగా
ఏమీ విననట్టు పోతోంది.

మళ్లీ అడిగింది, నిదానంగా,
"మూడేటికి?"
ఒకటి ఉల్లిపాయలకి.
ఒకటి గోడకి తగిలిస్తే బాగుంటుందని.
మూడోదానికి జవాబు లేదు.
ఆఫీసులో ఏ బిల్లయినా
'ఉద్దేశం' గడి నింపందే
సంతకం పెట్టనిదాన్ని.

"మూడు కొంటే నాకు మంచిదే గాని,
మూల పడేస్తే పురుగు తినేస్తాది.
తిడితే నన్నే తిడతావు.
ఒకటట్టుకెళ్లు. ఊడితే రా. నానుంటాను.
నాను లేపోతే నా కోడలుంటాది."

పేరు తవిటమ్మ.

ఆ రాత్రి బొటనవేలు ఒక నీలం దీపం దగ్గర ఆగింది.
ఏటికి?
చదువుకోడానికని నాకు నేనే అబద్ధం చెప్పాను.
కొన్నాను కూడా.
దాచడం దేనికి, ఇప్పటికీ ఫ్రిజ్ మీదుంది,
ప్లగ్గు ఎక్కని దీపం.

మాట మాత్రం చెప్పులో ఇసుకలా ఉండిపోయింది.
ఏదైనా కావాలనిపిస్తే
ఆ రోజు కాలెండరు గడిలో పెన్సిలుతో రాస్తాను.
ఏటికో తెలియకపోతే
సాయంత్రం ఆఫీసు నుంచి నేరుగా ఏటికి.
గేదెలు ఒళ్లు దులుపుకుంటూ గట్టెక్కుతుంటాయి.
ఇంటికొచ్చేసరికి సగం కోరికలకి
పేర్లు గుర్తుండవు.

కొన్ని వెంటే వస్తాయి.
పొందూరు చీర ఒకటి
వైశాఖం నుంచి కార్తీకం దాకా వచ్చింది,
నెలనెలా కొత్త గడిలోకి మారుతూ.
కొనే రోజుకి
దాన్ని ఏ పూట కడతానో, గంజి ఎవరు పెడతారో,
పాతబడ్డాక ఏ గుడ్డలుగా చింపుతానో
అన్నీ తెలుసు.

తేజేశ్వరరావు ఒకనాడు వీధిలో బండి ఆపి
"ఊర్లో లేరేటి మేడమ్?" అన్నాడు.
మా మధ్య పెట్టె లేకుండా
మాట్లాడుకోవడం అదే మొదలు.
వాళ్లది ఆమదాలవలసట.
చెల్లెలు నర్సు చదువుతోందట.

మొన్న బుట్ట అడుగు ఊడింది.
ఉల్లిపాయలు వంటింటంతా దొర్లాయి.
ఫోను తియ్యలేదంటే నమ్మరు. తీశాను.
రెండొందల రకాల బుట్టలు చూశాను.
ఆ తర్వాతే దీన్ని చంకన పెట్టుకుని బయల్దేరాను.

తవిటమ్మ ఉంది.
చూపు తగ్గినట్టుంది,
బుట్టని వేళ్లతో పోల్చుకుంది, నన్ను గొంతుతో.
రెండు కొత్త బద్దలు దూర్చింది. ముప్పై రూపాయలు.
ముదురు గోధుమరంగులో ఆ రెండూ పచ్చగా.

లేస్తుంటే అడిగింది,
"ఇంటికేనా?"
"కాదు," అన్నాను, "ఏటికి."